చీమలు కాపలా కాసిన పలావాకు చెట్టు

మా అంగట్లో దొరికే పలావాకుకు మూడు గీతలుంటాయి. తొడిమ దగ్గర ఒకటిగా మొదలై, కాస్త పైకి రాగానే మూడుగా చీలి, కొసదాకా ఒకదాని పక్కన ఒకటి పోతాయి. ఉత్తరాది నుంచి గోతాల్లో వచ్చే ఎండాకు అది. మిషన్ బంగళా ఆయమ్మ చెట్టు ఆకుకు నడిమధ్య ఒకే గీత. ఈ తేడా కడప ఊళ్ళో నాకొక్కదానికే తెలుసని ఒక ఎండాకాలమంతా నమ్మాను. ఆ నమ్మకం పట్టుకునే ఒక గుడ్డి ముసలమ్మను మోసం చెయ్యబోయాను.

నేను అంగళ్ళ మధ్య పుట్టినదాన్ని. పుట్టింటివాళ్ళది కర్నూల్లో పచారీ అంగడి, మెట్టినింటివాళ్ళది కడపలో పచారీ అంగడి. పెళ్ళంటే నాకు ఒక తక్కెడలో నుంచి తీసి ఇంకో తక్కెడలో వేసినట్టే అయింది. మాటల కంటే ముందు నాకు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. తలంటి పోస్తూ ఇంకా నాలుగు చెంబులున్నాయి అంటే, కళ్ళు మూసుకునే రెండు అనేదాన్నట.

కడప ఇంట్లో ముందర అంగడి, నడుమ ఇల్లు, వెనక పెరడు. పెరట్లో ఒక బాయి, ఒక ఆవు, మా అత్త పోషించే లక్ష చీమలు.

చీమల సంగతి ముందు చెప్పాలి. బెల్లం మూటలున్న ఇంటికి చీమ రాకుండా ఉండదు. చంపితే పాపం, ఊరుకుంటే సరుకు పోతుంది. అందుకని అంగళ్ళవాళ్ళం తరాల కింద చీమలతో ఒక ఒప్పందం చేసుకున్నాం. పొద్దున్నే అంగడి తలుపులు తియ్యకముందే పెరట్లో ఒక మూల నూకలో బెల్లప్పొడి కలిపి చల్లుతాం. ఇక్కడ తినండి, అక్కడికి రాకండి అని దానర్థం. మా అత్త ఆ పని స్నానం చేసి, తడి జుట్టుతో, పూజ చేసినట్టు చేసేది. అయినా ఒప్పందం మీద పూర్తి నమ్మకం లేక, అంగట్లో బెల్లం పెట్టె కాళ్ళు నాలుగూ నాలుగు రాతి గిన్నెల్లో పెట్టి గిన్నెల నిండా నీళ్ళు పోసేవాళ్ళం. ఆ నీళ్ళు పోసే పని నాది.

శివరాత్రి వెళ్ళిన వారంలో, మధ్యాహ్నం వేళ, పక్కసందులో నుంచి పెరటి తలుపు దగ్గరికి ఒక ఎద్దులబండి వచ్చి ఆగింది. బండి మీద ఒక కుండీ, కుండీలో నా భుజమెత్తు చెట్టు, చెట్టును కావిలించుకుని ఆయమ్మ. మిషన్ బంగళాలో ముప్పై ఏళ్ళు పిల్లల్ని పెంచిన మనిషి. నెలకోసారి కుంకుళ్ళూ నశ్యమూ మా దగ్గరే కొనేది. కొన్నాళ్ళుగా కళ్ళకు పొర కమ్మి, సరుకును చూసి కాక తడిమి కొంటూ ఉంది. దొరసాని ఓడెక్కి వెళ్ళిపోయింది, బంగళాకు తాళం పడింది. చర్చి ఆవరణలో ఆమెకొక గది కట్టిస్తామన్నారు. అది లేచేదాకా కమలాపురం దగ్గర తమ్ముడింటికి పోతూ ఉంది.

ఆమె లోపలికి రాలేదు. నేను రమ్మననూ లేదు. ఆ రోజులు అవి. గడపకు అటు ఆమె, ఇటు నేను.

"వానలు పడేదాకా దీన్ని మీ పెరట్లో ఉంచుకో తల్లీ. నా తమ్మునింట్లో మేకలుండాయి. ఒక పూట కూడా బతకనియ్యవు."

"ఉంచుకుంటాం గానీ నీళ్ళెవరు పోస్తారు ఆయమ్మా? ఎండాకాలం మా బాయి అడుగు కనపడతాది."

"దినానికి రెండు చెంబులు చాలు."

"రెండు చెంబులు ఊరికే వస్తాయా?"

ఆమె నవ్వింది. "నువ్వు ఊరికే ఏదీ చెయ్యవని తెలిసే వచ్చినాలే. ఏం కావల్నో అడుగు."

"చెట్టు నీది, ఆకు మాది."

"లేతాకు ముట్టగూడదు. ముదురాకైతే కోసుకో."

"సరే. ముదురాకు మాది, కడమదంతా నీది."

"నాకు బతికుండే చెట్టు కావల్ల. అంతే." చెట్టు వైపు మొహం తిప్పి అంది: "దొరసాని పోయేటప్పుడు ఏం కావల్నో కోరుకోమన్నె. కుర్చీ అడగల్యా, గడియారం అడగల్యా. ఇదడిగితి. ఈ ఆకు నలిపితే ఆ వంటిల్లంతా నాకు కనపడతాది తల్లీ. కిటికీ, పొయ్యి, పిల్లోళ్ళు బల్ల కింద దూరేది. కండ్లతో ఇంగ యాడ చూస్తా?"

ఆ మాటకు నేను బేరం కొంచెం తగ్గించుకుని ఉండాలి. తగ్గించుకోలేదు.

కడపలో ఎండాకాలం మధ్యాహ్నం ఒక చెరువు లాంటిది. ఊరంతా అందులో మునిగిపోతుంది. వీధిలో జట్కా గుర్రం నిలబడే నిద్రపోతుంది. అంగట్లో తక్కెడ పళ్ళేలు కదలవు. నేను పెరటి పంచ అంచున, చెట్టు పక్కనే చాప వేసుకుని, రోజుకొక ముదురాకు కోసి గుప్పెట్లో నలిపి పడుకునేదాన్ని. మొదట మిరియం ఘాటు తగిలేది, తరవాత నిమ్మతొక్క, ఆ వెనక కర్పూరమో ఏదో చల్లటిది. ఆ వాసన వెంట నడుచుకుంటూ పోతే నేనెప్పుడూ చూడని వంటిల్లు ఒకటి వచ్చేది. కిటికీలో తెల్లటి తెర ఊపిరి తీస్తున్నట్టు కదిలేది. బల్ల కింద ఎవరో కిసుక్కుమనేవారు. ఎవరా అని వంగి చూసేలోగా ఆవు తోక విదిలించిన చప్పుడుకు మెలకువ వచ్చేది. ఆయమ్మ జ్ఞాపకాన్ని నేను అద్దెగా వసూలు చేసుకుంటున్నానని అప్పుడు తోచలేదు.

ఒకరోజు అలాంటి నిద్రలో చెంప మీద చినుకు పడింది. వాన, అనుకున్నాను. కళ్ళు తెరిస్తే ఆకాశం ఇత్తడి పళ్ళెంలా ఉంది. చెంప తుడుచుకుంటే వేలికి బంక. మా వాళ్ళు ఏది చేతికొచ్చినా నాలుక మీద వేసి చూస్తారు. నేనూ వేసి చూశాను. తియ్యగా ఉంది.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో నా కళ్ళ ముందు కనిపించింది పానకం కార్చే చెట్టు. ఆకు పలావుకు, చుక్క పాయసానికి. ఇట్లాంటివి పది కుండీలుంటే చాలు, బెల్లం మూటలతో పనేముంది? ఆ మగతలోనే పది కుండీలూ పెరట్లో వరసగా పెట్టేశాను. సీసాలు కూడా కడిగించాను.

నాలుగు రోజులకు ఆ తీపి మీద మసి పట్టింది. దీపం పొగ సోకినట్టు ఆకులన్నీ నల్లబడ్డాయి. ఒక ఆకు తిప్పి చూస్తే, అడుగున ఆ ఒక్క గీత పొడుగునా చింతపిక్క రంగులో చిన్న చిన్న పొలుసులు అతుక్కుని ఉన్నాయి. కాళ్ళు లేవు, కదలిక లేదు. గోటితో గీకితే ఊడొచ్చి కింద తడి మిగిలింది. పురుగులు.

వైద్యం మొదలుపెట్టాను. నా వైద్యానికి ఒక నియమం ఉంది: అమ్ముడుపోని సరుకే మందు. పోయినేడు పుచ్చిపోయిన పసుపు చల్లాను. గడ్డకట్టిన ఇంగువ నీళ్ళలో కలిపి పోశాను. బూజు పట్టిన మెంతులు నూరి పూశాను.

మా అత్త పంచలో కూర్చుని వత్తులు చేసుకుంటూ చూసింది. "ఏమ్మే, చెట్టుకు మందేస్తాండావా, అంగడి ఊడ్చిపోస్తాండావా?"

"పురుగు పట్టిందత్తా."

"పురుగుకు ఆకలైతాందని నువ్వు పోపు పెడతాండావా?"

ఆ పోపుతో పురుగు ఇంకా పుష్టిగా అయింది. అప్పుడే చీమల్ని గమనించాను. నల్లచీమలు, బారుగా, కాండం పట్టుకుని పైకెక్కుతున్నాయి. ఆకు అడుగుకు పోయి ఒక్కో పొలుసు దగ్గరా ఆగి, మీసాలతో తట్టి, మళ్ళీ ఇంకోదాని దగ్గరికి. ఎర్రటి బొట్టు పురుగొకటి ఎగిరొచ్చి వాలితే పది చీమలు చుట్టుముట్టి తరిమేశాయి. చూసి నా గుండె నిండిపోయింది. మా అత్త ఇన్నేళ్ళు పెట్టిన నూకకు విశ్వాసం చూపిస్తున్నాయి అనుకున్నాను. పురుగుల్ని పట్టి తింటున్నాయి, చెట్టుకు కాపలా కాస్తున్నాయి అనుకున్నాను.

అత్తకు చూపించాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. మర్నాటి నుంచి నూక చల్లే చోటు మార్చి, కుండీ మొదట్లోనే చల్లడం మొదలుపెట్టింది. నీడలో తింటాయి పాపం, కాళ్ళు కాలవు అని. నేను ఇంకో అడుగు ముందుకు పోయాను. చెట్టు నడి పంగలో రోజూ చిటికెడు బెల్లం పెట్టాను. పనివాళ్ళకు అడగకుండా కూలి ఎక్కువిచ్చింది నా బతుకులో అదే మొదలు.

ఆ వారాల మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలా ఉంటాయి. నేను చాప మీద, అత్త స్తంభానికి ఆనుకుని, ఆవు కునుకుతూ, ఆ నల్లటి దారం చెట్టు మీద ఎక్కుతూ దిగుతూ. చూస్తూ చూస్తూ ఆ దారంతోనే నా కనురెప్పలు కుట్టుకుపోయేవి. అప్పుడప్పుడు నిద్రలో ఆకు రాలిన చప్పుడు వినిపించేది. ఎండకు రాలుతోందిలే అనుకుని పక్కకు తిరిగేదాన్ని. వాసన వెంట నడిచే దారి మాత్రం రోజురోజుకూ పొట్టిదైంది. వంటిల్లు గడపదాకా పోయేదాన్ని, లోపల చీకటి. మసి పట్టిన ఆకులో మసి వాసనే మిగిలింది.

కమలాపురం పక్క నుంచి నిమ్మకాయలు తెచ్చే తోట ఆసామి ఒకాయన ఉండేవాడు. ఒక రోజు మా ఆయనకు కాయలు దించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. చెట్టు ముందు ఆగిపోయాడు.

"ఏమక్కా, చీమలకు ఇల్లు కట్టిచ్చినట్లుందే?"

"అవే చెట్టును కాస్తాండాయన్నా. పురుగును తింటాండాయి."

ఆయన ఒక ఆకు తిప్పి చూశాడు, నన్నూ చూశాడు. "మీ ఇంట్లో ఆవుండాది కదా?"

"ఉండాది."

"దాన్ని కాస్తాండారు, మేపుతాండారు. తింటాండారా?"

"శివశివా," అంది స్తంభం దగ్గర నుంచి మా అత్త.

"ఇదీ అంతేనమ్మా. ఈ పొలుసులు చీమలకు గొడ్లు. ఆకు రసం తాగి తీపి నీళ్ళిస్తాయి, చీమలు పితుక్కుంటాయి. గొడ్లను తినే పురుగొస్తే, తోడేలును తరిమినట్ల తరుముతాయి. నా నిమ్మచెట్లలో రెండేండ్లు ఇదే ఆట. నువ్వు బెల్లం పెట్టి ఇంగో మందను తోలుకురమ్మంటాండావు."

గుమ్మంలో నిలబడి విన్న మా ఆయన మీసం సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం నెలరోజులు సాగింది. ఎవరైనా కొనేవాళ్ళు కూలి మాట ఎత్తితే చాలు, నా వైపు చూసి మీసం సర్దుకునేవాడు.

"బతికే దోవ ఉండాదా?" అన్నాను.

"ఆకంతా దూసి కాల్చెయ్. కాండాన్ని కుంకుడు నీళ్ళతో, పీచు పెట్టి తోము. పొగాకు తుక్కు నానేసిన నీళ్ళు పోసి కడుగు. చీమను ఎక్కనియ్యద్దు. అప్పుడు బతికితే బతుకుతాది."

"అంతా దూయల్నా? సగం దూస్తే చాలదా?"

"సగం మంద మిగిలిస్తే నెలకు మళ్ళా నిండు మందైతాది."

"పైన నాలుగు కొమ్మలన్నా..."

"అక్కా, నాతో బేరమాడి ఏం లాభం? ఆ పురుగుతో ఆడు."

మూడు రోజులు తెగలేదు నాకు. ఆకు నా వాటా. చెట్టు బతికితే లాభం ఆయమ్మకు, ఆకు పోతే నష్టం నాకు. ఇట్లాంటి లెక్కలో నేనెప్పుడూ అటు పక్క నిలబడలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక మసి ఆకు నలిపి పడుకున్నాను. ఆ వంటిల్లు రానే లేదు. గడప కూడా రాలేదు. కళ్ళకు పొర కమ్మిన మనిషి ఈ ఆకు నలిపి ఏమీ కనపడక, ఇంకోటి కోసం తడుముకుంటూ ఉండటం కనిపించింది. లేచి కూర్చున్నాను.

చీమల దగ్గర మళ్ళీ చిక్కు. అత్త నూక మాననంది. "మా మామ కాలం నుంచి పెడతాండాం. నోరులేనివాటి ముందర నుంచి కూడు తీసెయ్యమంటావా?"

"కుండీ కాడ పెట్టొద్దంటున్నా అత్తా."

"యాడ పెట్టినా ఎక్కుతాయి. రుచి మరిగినాయి." వత్తి ఒకటి తిప్పి పక్కన పెట్టింది. "దినామూ బెల్లం పెట్టె కాళ్ళకు నీళ్ళు పోస్తావు గదా, ఆ బుద్ధి చెట్టు కాడ యాడికి పాయ?"

నిజమే. అంగట్లో చీమను దొంగ అనుకుని నీళ్ళు కట్టినదాన్ని, పెరట్లో అదే చీమను కాపలాదారు అనుకుని కొలువిచ్చాను. ఆవుకు కుడితి పెట్టే పాత రాతి తొట్టి ఒకటి మూలన పడి ఉంది. అందులో ఇటుకలు పేర్చి, మా ఆయనా నేనూ కుండీని పైకెత్తి, చుట్టూ నీళ్ళు పోశాం.

ఆకు దూసిన మధ్యాహ్నం మర్చిపోలేను. నిండు చెట్టు ఒక పూటలో నా ఒళ్ళోకి వచ్చింది. ఎంత మసి పట్టినా అన్ని ఆకులు ఒక్కసారి చిరిగేసరికి, దాచుకున్నదంతా బయటపడ్డట్టు వాసన లేచింది. అంగడి ముందు నిలబడ్డవాళ్ళు ఎవరింట్లో పలావని అడిగారట. మూలన మంట పెడితే ఆకులు చిటపటమని, పచ్చటి నూనె పొగ నేల మీద పాకి, బాయి చుట్టూ తిరిగి, గోడ దాటి పోయింది. ఆ పొగలో మా అత్త, ఆవు, తొట్టిలో నిలబడ్డ పుల్లలు, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు కదిలాయి. తరవాత నేను కుంకుడు నురగతో, కొబ్బరిపీచుతో, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు ప్రతి కొమ్మా తోమాను. పొగాకు ఘాటుకు రెండు రోజులు తల తిరిగింది. ఏడు రోజులకోసారి అట్లా నాలుగుసార్లు తోమాను. చీమలు తొట్టి చుట్టూ తిరిగి తిరిగి, నీళ్ళలో చెట్టు నీడను చూసి పోయేవి.

చిగురు రాలేదు. తొలకరి వాన ఒకటి పడింది, ఇంకోటి పడింది. గది లేచిందనీ, రాబోయే ఆదివారం వచ్చి చెట్టును తీసుకుపోతాననీ ఆయమ్మ కబురు పంపింది.

అప్పుడు నాలో అంగడి మళ్ళీ నిద్ర లేచింది. ఆమెకు కళ్ళు కనపడవు. వాసన ఉంటే చాలు కదా? శనివారం గోతంలో నుంచి మంచి పలావాకు ఏరి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నూరి, ఆ ముద్ద కొమ్మకొమ్మకూ రాశాను. రాసిన తరవాత వాసన చూశాను. ఘుమఘుమలాడింది. నాకే నమ్మబుద్ధి వేసింది.

ఆయమ్మ బండి దిగింది. ఈసారి నేను చెయ్యి పట్టుకుని గడప దాటించి, తొట్టిదాకా తీసుకొచ్చాను. అత్త చూసి తల తిప్పుకుంది, వద్దనలేదు. ఆయమ్మ చెయ్యి చాచింది. ఆకు కోసం గాలిలో వెతికింది. ఇంకొంచెం ముందుకు చాచింది. పుల్ల తగిలింది. ఆ పుల్ల వెంట కిందికీ పైకీ వేళ్ళు నడిచాయి. తరవాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇంకో కొమ్మ తడిమి మళ్ళీ వాసన చూసింది.

"ఇది మూడు గీతలాకు వాసన," అంది. "చెక్కా లవంగమూ కలిసిన వాసన. ముప్పై ఏండ్లు పలావు వండినా తల్లీ, రెండాకులూ నాకు తెలుసు. నా చెట్టును యాడ పెట్టినావు?"

గొంతు పెంచలేదు. ఇంకో చెట్టును చూపించి మోసం చేస్తున్నానని అనుకుంది. అనుకోదా? నేను ఊరికే ఏదీ చెయ్యనని ఆమెకు ముందే తెలుసు.

నేను మొత్తం చెప్పేశాను. తియ్యటి చుక్క, పుచ్చు పసుపు, చీమలకు బెల్లం, ఆసామి మాట, మంట, నిన్నటి ముద్ద. ఒక్కటీ తగ్గించలేదు, ఒక్కదానికీ సందు ఉంచుకోలేదు. అంత మాట ఒకే గుక్కలో, బదులుగా ఏమీ అడక్కుండా, నేనెవరికీ చెప్పి ఎరగను.

ఆయమ్మ తొట్టి అంచు మీద కూర్చుంది. కొంగు తడిపి ఒక కొమ్మను మెల్లగా తుడిచింది. మొదటికంటా వంగి, బొటనవేలి గోరుతో బెరడు గీకి, అక్కడ ముక్కు ఆనించింది. ఆమె కనురెప్పలు మూతపడ్డాయి. నేను ఆమె మొహమే చూస్తున్నాను. వాన రాబోయే గాలి పెరట్లో తిరుగుతోంది. ఆమె పెదవులు కొంచెం కదిలాయి, ఎవరినో బల్ల కింద నుంచి బయటికి రమ్మని పిలుస్తున్నట్టు.

"ఉండాది," అంది.

ఆమె వేళ్ళు మళ్ళీ పైకి పోయి ఒకచోట ఆగాయి. నా చెయ్యి అడిగి తీసుకుని నా వేలు అక్కడ పెట్టింది. చిన్న బొడిపె తగిలింది. చటుక్కున వేలు వెనక్కి లాక్కున్నాను.

"మళ్ళా వచ్చిందా పురుగు?"

"గోరుతో నెట్టు."

నెట్టాను. ఊడలేదు.

"పురుగైతే ఊడొస్తాది. ఇది చెట్టుది, చిగురు మొన. ఇట్లాంటివి ఈ కొమ్మకు ఐదుండాయి. నువ్వు వారం వారం తోముతాంటివి గదా, నీ చేతికి తగల్యా?"

తగిలాయి. పొలుసులనుకుని వాటిని ఇంకా గట్టిగా తోమాను. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.

కుండీ బండి ఎక్కింది. ఆయమ్మ ఎక్కబోతూ ఆగింది. "ఆ తొట్టి కూడా ఇయ్యి తల్లీ. చర్చి కాడా చీమలుండాయి."

"తీసుకో," అన్నాను. అన్నాకగానీ అన్నానని తెలియలేదు. మా ఆయన మీసం సర్దుకుని, తొట్టిలో నీళ్ళు ఒంపి, బండివాడి సాయంతో ఎత్తి బండిలో పెట్టాడు.

"ముదురాకు నీదే గదా," అంది ఆయమ్మ బండిలో నుంచి. "ముదిరినాక కబురు పంపిస్తా. నువ్వే వచ్చి కోసుకో. ముద్దలేం తేవద్దు."

చలి మొదలయ్యాక కబురు వచ్చింది. నాకని ఆమె మూడు ఆకులు ఉంచింది. రెండు నేను వద్దన్నాను. ఒకటి తెచ్చుకుని, ఎండకు కాళ్ళు చాపి, గుప్పెట్లో నలుపుకుని పడుకున్నాను. తెల్ల తెర కదిలింది. ఈసారి నేను గడప దగ్గరే ఆగి, లోపలివాళ్ళను పలకరించకుండా వెనక్కి వచ్చాను.

తొట్టి వెళ్ళిన మర్నాడు పొద్దున మా అత్త నూక తెచ్చి పాత మూలనే చల్లింది. పెరటి మధ్య తొట్టి ఉన్న చోట గుండ్రంగా తడి మచ్చ ఉంది. చీమలు బారుగా వచ్చి, ఆ మచ్చ దగ్గర ఆగి, దాని అంచు పట్టుకుని చుట్టూ తిరిగి మూలకు పోయాయి. మచ్చ ఆరిపోయిన తరవాత కూడా చాలా రోజులు అవి అట్లాగే చుట్టు తిరిగి పోయేవి.